గడ్డిపాన్పు

ప్రతి పండుగకూ మూలంలో ఒక కథ ఉంటుంది. ఆ కథే పండుగకు ప్రాణం. నరకాసుర వధ లేనిదే దీపావళి లేదు. సీతారాముల కల్యాణం లేనిదే శ్రీరామనవమి లేదు. అలాగే యేసుక్రీస్తు జననగాథ లేనిదే క్రిస్మస్ లేదు. అయితే కాలం గడిచేకొద్దీ పండుగల చుట్టూ హంగులు పెరగడం, ఆ హంగుల చాటున అసలు కథ మరుగున పడడం లోకసహజం. నేడు డిసెంబరు మాసం రాగానే అంగళ్లు రంగురంగుల దీపాలతో కళకళలాడుతాయి. నక్షత్రదీపాలు, అలంకరించిన చెట్లు, కేకులు, కానుకలు, ఎర్రని దుస్తులు ధరించిన క్రిస్మస్ తాత బొమ్మలు ఎటు చూసినా దర్శనమిస్తాయి. ఈ సంబరాల నడుమ ఒక మూల గడ్డి పరచిన చిన్న పశువుల పాక ఉంటుంది. అందులో ఒక తల్లి, ఒక తండ్రి, తొట్టిలో పడుకొన్న పసికందు, పక్కన ఎద్దు, గాడిద. పండుగ ఎందుకు వచ్చిందో చెప్పేది ఆ పాకే. సుమారు 800 సంవత్సరాల క్రితం ఇటలీ దేశంలోని ఒక కొండపల్లెలో, నిజమైన గడ్డితో, నిజమైన పశువులతో బేత్లెహేము దృశ్యాన్ని సామాన్య జనుల కళ్లెదుట నిలిపిన మహనీయుడు అస్సీసీ ఫ్రాన్సిస్. కలిగిన ఇంట పుట్టి, సర్వస్వాన్నీ వదులుకొని, పేదరికాన్నే పెన్నిధిగా భావించిన ఆయనకు ఆ గడ్డిపాన్పులో ఏమి కనిపించిందో తెలియాలంటే ఆయన జీవితాన్ని పరిశీలించాలి.

ముందుగా క్రిస్మస్ కథ ఏమిటో తెలుసుకోవడం అవసరం. నాలుగు సువార్తలలో మత్తయి, లూకా సువార్తలు మాత్రమే యేసు జననాన్ని వర్ణించాయి. రోమా చక్రవర్తి అగస్టస్ ప్రజాసంఖ్య వ్రాయించాలని ఆజ్ఞాపించడంతో, యోసేపు నిండుచూలాలైన మరియను వెంటబెట్టుకొని నజరేతు నుండి బేత్లెహేముకు ప్రయాణమై వెళ్లాడు. అక్కడ సత్రంలో వారికి చోటు దొరకలేదు. మరియ తన బిడ్డను కని, పొత్తిగుడ్డలతో చుట్టి, పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. ఆ వార్త మొదట చేరింది రాజులకు కాదు, రాత్రివేళ పొలంలో మందను కాచుకొంటున్న గొర్రెల కాపరులకు. ఇది లూకా చెప్పిన కథ. తూర్పు దిక్కు నుండి జ్ఞానులు నక్షత్రాన్ని అనుసరించి వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించడం, హేరోదు రాజు పసిపిల్లలను చంపించడం, ఆ కుటుంబం ఐగుప్తుకు పారిపోవడం మత్తయి సువార్తలోనివి. యేసు పుట్టిన తేదీని సువార్తలు పేర్కొనలేదు. డిసెంబరు 25న ఆ పండుగను జరుపుకోవడం 336 నాటికి రోమ్ నగరంలో ఉన్నట్లు ఆధారం కనిపిస్తున్నది. ఎద్దు, గాడిద కూడా సువార్తల కథలో లేవు. యజమానుని తొట్టిని ఎరిగిన పశువులుగా వాటిని యెషయా ప్రవక్త పేర్కొన్న వాక్యాన్ని ఆధారం చేసుకొని తరువాతి కాలపు శిల్పులు, కథకులు వాటిని తొట్టి చెంతకు చేర్చారు. ఏది తరువాత చేరినా, కథకు కేంద్రం మాత్రం ఒక్కటే. దైవకుమారునికి లోకంలో మొదట దొరికిన చోటు పశువుల తొట్టి.

ఈ కథను తన బ్రతుకుగా మార్చుకొన్న ఫ్రాన్సిస్ మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతానికి చెందిన అస్సీసీ పట్టణంలో 1181 లేదా 1182లో జన్మించాడు. తండ్రి పియేత్రో బెర్నార్దోనే సంపన్నుడైన బట్టల వర్తకుడు. తల్లి పేరు పీకా. బిడ్డకు జ్ఞానస్నాన సమయంలో పెట్టిన పేరు జొవాన్ని. వర్తకం నిమిత్తం ఫ్రాన్సు దేశానికి వెళ్లి వచ్చిన తండ్రి, ఆ దేశం మీది మక్కువతో కుమారుణ్ణి ఫ్రాంచెస్కో అని పిలిచాడు. ఆ పేరే లోకంలో ఫ్రాన్సిస్‌గా స్థిరపడింది.

ఫ్రాన్సిస్ బాల్యం, యౌవనం భోగభాగ్యాల మధ్య గడిచాయి. మేలైన వస్త్రాలు ధరించడం, మిత్రబృందంతో విందులు చేసుకోవడం, పాటలు పాడుతూ వీధులలో తిరగడం ఆయనకు ఇష్టం. ధనాన్ని నీళ్లవలె ఖర్చు చేసేవాడు. వర్తకుని కుమారుడైనా గొప్ప యోధుడు కావాలని కలలు కన్నాడు. 1202లో అస్సీసీకి, పొరుగునున్న పెరూజా పట్టణానికి మధ్య యుద్ధం జరిగింది. అందులో పాల్గొన్న ఫ్రాన్సిస్ శత్రువులకు చిక్కి సుమారు ఒక సంవత్సరం చెరసాలలో మగ్గాడు. విడుదలైన తరువాత చాలాకాలం వ్యాధిగ్రస్తుడై మంచం పట్టాడు. కోలుకొని మరల ఆయుధాలు ధరించి దక్షిణ ఇటలీలోని పూలియాలో జరుగుతున్న యుద్ధానికి బయలుదేరాడు. కాని స్పొలేతో పట్టణం చేరేసరికి ఆయన మనస్సు మారింది. సేవకుణ్ణి సేవించడం కంటె యజమానుని సేవించడమే మేలన్న భావం స్వప్నంలో కలిగి, వెనుదిరిగి వచ్చాడని ఆయన చరిత్రకారులు వ్రాశారు.

ఆ తరువాత జరిగిన ఒక సంఘటన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ రోజులలో కుష్ఠురోగులను ఊరి వెలుపల ఉంచేవారు. ఫ్రాన్సిస్‌కు వారిని చూస్తేనే ఏవగింపు. ఒకనాడు గుర్రంపై వెళ్తుండగా దారిలో ఒక కుష్ఠురోగి ఎదురయ్యాడు. ఫ్రాన్సిస్ తన జుగుప్సను జయించి గుర్రం దిగి, ఆ రోగికి ధనమిచ్చి, ఆప్యాయంగా ముద్దుపెట్టుకొన్నాడు. అంతటితో ఆగక రోగుల మధ్యకు వెళ్లి వారికి సేవ చేయనారంభించాడు. అంతవరకు చేదుగా తోచినది తనకు తీపిగా మారిందని, అదే తన పరివర్తనకు నాంది అని ఆయన జీవిత చరమాంకంలో వ్రాయించిన మరణశాసనంలో పేర్కొన్నాడు. పండుగ నాడు ఎవరిని తలచుకోవాలో ఆయనకు నేర్పినవారు ఊరు వెలివేసిన ఆ రోగులే.

అస్సీసీ సమీపంలో సాన్ దమియానో అనే శిథిలాలయం ఉండేది. అక్కడి సిలువ ముందు ప్రార్థిస్తుండగా, పాడుబడిన తన ఇంటిని బాగుచేయమని క్రీస్తు ఆదేశించినట్లు ఫ్రాన్సిస్‌కు తోచింది. ఆ మాటను ఆయన ఉన్నదున్నట్లుగా గ్రహించాడు. తండ్రి దుకాణంలోని బట్టలను ఫొలీన్యో అంగడికి తీసుకొనిపోయి, వాటితోపాటు తన గుర్రాన్నీ విక్రయించి, ఆ సొమ్మును ఆలయ పునరుద్ధరణకు ఇవ్వబోయాడు. తండ్రి ఆగ్రహానికి అంతులేకపోయింది. కుమారుణ్ణి పట్టుకొని ఇంట బంధించాడు. ఆయన ఊరిలో లేని సమయంలో తల్లి మనసు కరిగి కట్లు విప్పి విడిచిపెట్టింది. చివరకు తండ్రి న్యాయం కోసం బిషప్ సమక్షానికి వెళ్లాడు. 1206లో అస్సీసీ ప్రజలందరూ చూస్తుండగా ఫ్రాన్సిస్ సొమ్మును తండ్రికి తిరిగి ఇచ్చాడు. ఒంటిమీది దుస్తులను సైతం విడిచి ఆయన ముందుంచాడు. ఇకమీదట పరలోకమందున్న తండ్రియే తనకు తండ్రి అని ప్రకటించాడు. బిషప్ తన పైవస్త్రంతో ఆయనను కప్పాడు.

ఈ ఘట్టంలో ఫ్రాన్సిస్ త్యాగం ఎంత గొప్పదో, ఆ తండ్రి దుఃఖం కూడా అంతటిదే. చేతికి అందివచ్చిన కొడుకు కళ్లెదుటనే పరాయివాడయ్యాడు. మహనీయుల త్యాగాలకు వారి కుటుంబాలు కూడా మూల్యం చెల్లిస్తాయన్న సత్యాన్ని చరిత్ర ఎన్నోసార్లు నిరూపించింది. ఫ్రాన్సిస్ ఆ మూల్యాన్ని ఎరిగే ముందడుగు వేశాడు. బట్టల వర్తకుని కొడుకు బట్టలు లేకుండా వీధిలోకి వచ్చిన ఆనాటి నుండి, పొత్తిగుడ్డలు తప్ప వేరే ఆస్తి లేని బేత్లెహేము శిశువే ఆయనకు ఆదర్శమయ్యాడు.

తరువాత ఆయన తన చేతులతో రాళ్లు మోసి సాన్ దమియానోను, పోర్సియుంకులా అనే చిన్న ఆలయాన్ని బాగుచేశాడు. బంగారం గాని, వెండి గాని, చేతిసంచి గాని తీసుకొనిపోవద్దని యేసు తన శిష్యులను ఆదేశించిన సువార్త భాగాన్ని ఒకనాడు పూజలో విన్నాడు. తన మార్గం అదేనని నిశ్చయించుకొన్నాడు. ముతక అంగీ ధరించి, నడుముకు తాడు కట్టుకొని, పాదరక్షలు లేకుండా ఊరూరా తిరుగుతూ శాంతిని బోధించాడు. అస్సీసీ ధనికుడైన బెర్నార్డు తన ఆస్తిని పేదలకు పంచి ఆయన వెంట నడిచాడు. క్రమంగా అనుచరులు పెరిగారు. 1209 ప్రాంతంలో వారంతా రోమ్ నగరానికి వెళ్లగా, మూడవ ఇన్నోసెంట్ పోపు వారి జీవన విధానానికి మౌఖికంగా సమ్మతి తెలిపాడు. ఫ్రాన్సిస్ వారికి చిన్న సోదరులు అని పేరు పెట్టాడు. వారు పని చేసి బ్రతకాలి. పని దొరకనినాడు భిక్ష స్వీకరించాలి. నాణేన్ని మాత్రం ముట్టరాదు. 1212లో అస్సీసీకి చెందిన కులీన యువతి క్లారా కూడా ఇల్లు విడిచి వచ్చి ఈ మార్గాన్ని అవలంబించింది. ఆమె ఆధ్వర్యంలో సాన్ దమియానోలో స్త్రీల మఠం వెలసింది.

ఆ కాలంలో యేసు పుట్టి పెరిగిన భూమి కోసం ఐరోపా రాజులు మతయుద్ధాలు సాగిస్తున్నారు. పవిత్ర భూమిని కత్తితో గెలుచుకోవాలని వేలమంది ప్రాణాలు అర్పించారు, ప్రాణాలు తీశారు. 1219లో ఆ యుద్ధం ఈజిప్టులోని దమియెట్టా వద్ద జరుగుతుండగా ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్లాడు. నిరాయుధుడై ఒక సోదరునితో కలిసి శత్రుశిబిరంలోకి ప్రవేశించి సుల్తాను అల్ కామిల్‌ను కలుసుకొన్నాడు. సుల్తాను ఆయన మాటలను మర్యాదతో ఆలకించి క్షేమంగా సాగనంపాడు. ఆ సమావేశం యుద్ధాన్ని ఆపలేకపోయింది. అయినా ఆయుధం లేకుండా పరమతస్థుని ముందు నిలువవచ్చునని, మాటలతో మనసులు కలుపవచ్చునని ఆ రోజులలో నిరూపించడం సామాన్య విషయం కాదు.

తూర్పు దేశం నుండి తిరిగివచ్చిన ఫ్రాన్సిస్‌కు స్వదేశంలో మరొక పరీక్ష ఎదురైంది. కొద్దిమందితో మొదలైన బృందం అప్పటికి వేల సంఖ్యకు పెరిగింది. వారిలో కొందరికి కఠిన దారిద్ర్య నియమం భారంగా తోచింది. ఇళ్లు, గ్రంథాలు, వసతులు కావాలన్న కోరిక కలిగింది. శరీరం సహకరించకపోవడంతో ఫ్రాన్సిస్ 1220లో నాయకత్వం నుండి తప్పుకొని, తానే మరొకరికి విధేయుడయ్యాడు. 1221లో ఆయన సిద్ధపరచిన నియమావళిని తిరిగి క్లుప్తంగా వ్రాయవలసి వచ్చింది. 1223 నవంబరు 29న మూడవ హొనోరియస్ పోపు ఆ క్లుప్త నియమావళిని ఆమోదించాడు. అప్పటికి ఫ్రాన్సిస్ ఆరోగ్యం క్షీణించింది. ఈజిప్టులో సోకిన వ్యాధి వలన కన్నులు మసకబారుతున్నాయి. తాను జీవితాంతం నమ్మిన పేదరికాన్ని నియమాల భాషలో ఎంతవరకు చెప్పగలడో అంతవరకు చెప్పాడు. మిగిలినదాన్ని కన్నులకు చూపవలసి ఉంది. నియమావళి ఆమోదం పొందిన నెల తిరగకముందే గ్రెచ్చోలో ఆ పని చేశాడు.

రోమ్ నగరానికి ఉత్తరాన రియేతి లోయలో కొండ అంచున ఉన్న చిన్న పల్లె గ్రెచ్చో. ఆ ప్రాంతపు ప్రముఖుడైన జొవాన్ని ఫ్రాన్సిస్‌కు ఆప్తుడు. క్రిస్మస్ ఇంకా పదిహేను రోజులు ఉందనగా ఫ్రాన్సిస్ ఆయనకు కబురు పంపాడు. బేత్లెహేములో పుట్టిన శిశువు ఎన్ని ఇబ్బందుల మధ్య పుట్టాడో, తొట్టిలో ఎలా పడుకొన్నాడో, ఎద్దు గాడిదల నడుమ గడ్డిపై ఎలా ఉన్నాడో తన కన్నులతో చూడాలని ఉన్నదని, అందుకు కావలసినవి సిద్ధం చేయమని కోరాడు. ఈ పని వింత పోకడగా ఎవరికీ తోచకుండా పోపు అనుమతి కూడా పొందాడని తరువాతి కాలంలో ఆయన చరిత్ర వ్రాసిన బొనవెంతూరా పేర్కొన్నాడు.

క్రిస్మస్ రాత్రి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుండి స్త్రీపురుషులు కొవ్వొత్తులు, కాగడాలు చేతబట్టుకొని కొండదారిలో తరలివచ్చారు. అడవి అంతా వెలుగుతో, పాటలతో నిండిపోయింది. సిద్ధం చేసిన చోట తొట్టి, అందులో గడ్డి, పక్కన ఎద్దు, గాడిద ఉన్నాయి. మరియ, యోసేపుల వేషాలు ధరించినవారు ఉన్నట్లు తొలి చరిత్రకారుడు వ్రాయలేదు. తొట్టి వద్దనే పూజ జరిగింది. ఫ్రాన్సిస్ గురువు కాడు, డీకన్ మాత్రమే. ఆ హోదాలో సువార్తను మధురంగా ఆలపించి, పేదవాడుగా పుట్టిన రాజును గురించి, చిన్న ఊరైన బేత్లెహేమును గురించి ప్రసంగించాడు. బేత్లెహేము అనే పేరును గొర్రెపిల్ల అరిచినట్లుగా పలికేవాడట. ఆ పేరు నోట పలికినప్పుడల్లా తేనె రుచి చూచినవానివలె పెదవులు చప్పరించేవాడట. అక్కడ ఉన్న ఒక సజ్జనునికి ఖాళీ తొట్టిలో నిద్రిస్తున్న శిశువు కనిపించినట్లు, ఫ్రాన్సిస్ దగ్గరకు వెళ్లి ఆ శిశువును మేల్కొలిపినట్లు తోచిందని చెబుతారు. జనహృదయాలలో యేసు మరుగున పడి నిద్రిస్తున్నాడని, ఫ్రాన్సిస్ ఆయనను మేల్కొలిపాడని ఆ దర్శనానికి అర్థం చెప్పారు. ఈ వివరాలన్నీ ఫ్రాన్సిస్ మరణించిన రెండు మూడు సంవత్సరాలకే ఆయన చరిత్రను వ్రాసిన చెలానో తోమాసు గ్రంథంలో ఉన్నాయి. గ్రెచ్చో ఆ రాత్రి కొత్త బేత్లెహేము అయిందని ఆయన వర్ణించాడు.

ఈ ఘట్టం విశిష్టత ఏమిటో గమనించాలి. యేసు జననాన్ని ఆలయాలలో నాటక రూపంలో ప్రదర్శించే సంప్రదాయం అంతకుముందే ఉంది. కాని ఆనాటి పూజాభాష లాటిన్. పొలం పని చేసుకొనే సామాన్యునికి ఆ భాష అర్థమయ్యేది కాదు. ఫ్రాన్సిస్ కథను ఆలయ కుడ్యాల మధ్య నుండి కొండ మీదికి తెచ్చాడు. రైతుకు నిత్యం పరిచితమైన గడ్డి వాసనతో, పశువుల ఊపిరితో ఆ కథను ముడివేశాడు. దైవజననం జరిగిన స్థలం తమ పశువుల కొట్టం వంటిదేనని గ్రహించిన పేదవానికి, పండుగ తనది కూడా అన్న ధైర్యం కలిగింది. బేత్లెహేమును పొందడానికి యుద్ధం చేయనక్కరలేదని, హృదయంలో చోటు ఉంటే ఏ పల్లె అయినా బేత్లెహేము కాగలదని కూడా ఆ రాత్రి లోకానికి తెలిసింది.

ఫ్రాన్సిస్‌కు క్రిస్మస్ కథ కేవలం చూచి ఆనందించే దృశ్యం కాదు. అది ఆచరణకు ప్రేరణ. ఆయన క్రిస్మస్‌ను పండుగలన్నిటిలో శ్రేష్ఠమైనదిగా భావించాడు. ఒకసారి క్రిస్మస్ శుక్రవారం నాడు రావడంతో, మాంసం తినవచ్చునా అన్న చర్చ సోదరుల మధ్య తలెత్తింది. శుక్రవారం ఉపవాస దినం కదా అన్నది వారి సందేహం. అంతటి శుభదినాన గోడలు సైతం మాంసం తినాలని, అవి తినలేవు కనుక వాటికి పూతగానైనా పూయాలని ఆయన చమత్కరించాడు. కఠోర ఉపవాసాలు చేసిన ఆ విరాగి పండుగ సంతోషానికి విరోధి కాడనడానికి ఇది నిదర్శనం. అయితే ఆ సంతోషం అందరిదీ కావాలని ఆయన కోరిక. చక్రవర్తిని కలిసే అవకాశం లభిస్తే, క్రిస్మస్ నాడు పక్షుల కోసం, ముఖ్యంగా భరతపక్షుల కోసం, దారులలో గింజలు చల్లేటట్లు శాసనం చేయమని వేడుకొంటానని చెప్పేవాడు. ధనవంతులు ఆనాడు పేదలకు కడుపునిండా భోజనం పెట్టాలని, ఎద్దులకు, గాడిదలకు రోజూ వేసేదాని కంటె ఎక్కువ మేత వేయాలని అభిలషించాడు.

మరొక క్రిస్మస్ నాడు సోదరులందరూ భోజనానికి కూర్చున్నారు. వారిలో ఒకరు బిడ్డను కన్న వేళ మరియ అనుభవించిన పేదరికాన్ని ప్రస్తావించాడు. వెంటనే ఫ్రాన్సిస్ బల్ల ముందు నుండి లేచి, కన్నీరు కారుస్తూ, మిగిలిన రొట్టెను కటికనేల మీద కూర్చుండి తిన్నాడు. పండుగ భోజనం వద్దనలేదు. ఆ భోజనం చేసే చోటు మాత్రం మార్చుకొన్నాడు. విందును, వేదనను ఒకే పండుగలో కలిపి చూడగలగడం ఆయన విశిష్ట గుణం. పండుగ నాడు తాను ఆనందిస్తున్నప్పుడు, చోటు లేక తొట్టిలో పడుకొన్న శిశువును, అలా చోటు లేక నేటికీ వీధిలో ఉన్నవారిని మరువరాదన్నదే ఆ ప్రవర్తనలోని సారాంశం.

గ్రెచ్చో ఉత్సవం తరువాత ఫ్రాన్సిస్ మూడు సంవత్సరాలకు లోపే జీవించాడు. 1224 సెప్టెంబరులో లా వెర్నా కొండపై తపస్సు చేస్తుండగా, సిలువపై క్రీస్తుకు కలిగిన గాయాల వంటివి ఆయన శరీరంపై ఏర్పడినట్లు చరిత్రకారులు వ్రాశారు. కంటిచూపు కోసం వైద్యులు కాల్చిన ఇనుముతో వాత పెట్టగా ఆ బాధను ఓర్చుకొన్నాడు. దాదాపు చూపు పోయిన ఆ స్థితిలోనే 1225 ప్రాంతంలో సూర్యుణ్ణి సోదరునిగా, చంద్రుణ్ణి సోదరిగా, గాలిని, నీటిని, నిప్పును, భూమిని తోబుట్టువులుగా సంబోధిస్తూ సృష్టికీర్తన రచించాడు. లాటిన్‌లో కాక ఉంబ్రియా ప్రజల వాడుకభాషలో వెలువడిన ఆ గీతం ఇటాలియన్ సాహిత్యంలోని తొలి రచనలలో ఒకటిగా ప్రసిద్ధి చెందింది. భగవంతుని కథను సామాన్యునికి చేర్చాలంటే సామాన్యుని భాషలోనే చెప్పాలన్న ఆయన తలపు గ్రెచ్చోలోనూ, ఈ గీతంలోనూ ఒకే తీరుగా వ్యక్తమైంది. 1226 అక్టోబరు 3వ తేదీ సాయంకాలం పోర్సియుంకులా వద్ద ఫ్రాన్సిస్ కన్నుమూశాడు. మరణం సమీపించినప్పుడు తనను వస్త్రాలు లేకుండా కటికనేలపై పడుకోబెట్టమని కోరాడు. రెండు సంవత్సరాలు తిరగకముందే, 1228 జూలై 16న, తొమ్మిదవ గ్రెగొరీ పోపు ఆయనను పునీతునిగా ప్రకటించాడు.

ఫ్రాన్సిస్ సోదరులు ఎక్కడికి వెళ్తే అక్కడికి తొట్టి సంప్రదాయం వెళ్లింది. 13వ శతాబ్ది చివరలో అర్నోల్ఫో అనే శిల్పి రోమ్‌లోని సాంతా మరియా మజ్జోరే ఆలయం కోసం జననదృశ్య శిల్పాలను చెక్కాడు. అస్సీసీలోని మహాలయ కుడ్యాలపై గ్రెచ్చో ఘట్టం చిత్రరూపం దాల్చింది. 18వ శతాబ్దిలో నేపుల్స్ నగరంలోని సంపన్నులు పట్టువస్త్రాలు కట్టిన వందలాది బొమ్మలతో అతివిస్తారమైన తొట్టి దృశ్యాలను ఏర్పాటు చేయించారు. వాటిలో అంగళ్లు, పూటకూళ్ల ఇళ్లు, సంగీత బృందాలు సైతం చోటుచేసుకొన్నాయి. వాటి కళానైపుణ్యం ప్రశంసింపదగినదే. అయితే పేదరికాన్ని స్ఫురింపజేయడానికి పుట్టిన దృశ్యం కలిమిని ప్రదర్శించే వేడుకగా మారగలదని కూడా వాటి చరిత్ర తెలియజేస్తున్నది. కథను కాపాడడానికి పెట్టిన తొట్టి కూడా ఒక హంగుగా మారే ప్రమాదం ఉంది. అందుకే బొమ్మ ఉంటే చాలదు. బొమ్మ చెప్పే మాట వినిపించాలి.

తెలుగునాట కూడా క్రిస్మస్ రోజులలో క్రైస్తవుల ఇళ్ల ముంగిళ్లలో, దేవాలయాలలో చిన్న పాకలు వెలుస్తాయి. వరికోతల కాలం కావడంతో కొత్తగడ్డి సులభంగా దొరుకుతుంది. తాటాకులు, వెదురుబద్దలు, వరిగడ్డి తెచ్చి పిల్లలు పాక కడతారు; మట్టిబొమ్మలను అమర్చుతారు; పైన నక్షత్రదీపాన్ని వేలాడదీస్తారు. ఇటలీ కొండపల్లెలోని గడ్డి, తెలుగు పొలాలలోని వరిగడ్డి వేరు కావచ్చు. అందులో పడుకొన్న శిశువు కథ మాత్రం ఒక్కటే. ఆకలిగొన్నవారిని ఆదుకోవడమే ఆ కథకు తగిన కానుక అన్న భావానికి ఈ నేలపైన కూడా ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కరవు రోజులలో పేదలకు పని కల్పించి అన్నం పెట్టాలన్న సంకల్పంతో పోస్నెట్ దొర ఆధ్వర్యంలో నిర్మితమైన మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న, అంటే క్రిస్మస్ నాడే, ప్రతిష్ఠితమైంది. ఏటా ఆ పండుగకు వేలాది జనం మతభేదం లేకుండా అక్కడికి తరలివస్తారు.

నేటి క్రిస్మస్ సంబరాలలో దీపాలు ఉండకూడదని గాని, విందులు మానుకోవాలని గాని ఫ్రాన్సిస్ జీవితం బోధించదు. గోడలు సైతం పండుగ చేసుకోవాలని తలచినవాడు ఆయన. కాని సత్రంలో చోటు దొరకని తల్లి కథ పండుగకు నడుమ ఉండాలన్నది ఆయన జీవితసందేశం. ఆ కథ నడుమ ఉన్నప్పుడు దీపం పొరుగింటి చీకటిని కూడా చూపుతుంది; విందులో ఆకలిగొన్నవానికి ఒక విస్తరి మిగులుతుంది; కొట్టంలోని ఎద్దుకు మరొక గుప్పెడు మేత దక్కుతుంది. కన్నులు మసకబారిన వేళ ఫ్రాన్సిస్ బేత్లెహేమును చూడాలని కోరుకొన్నాడు. చూపు ఉన్నవారు పండుగ నాడు దేనిని చూడాలో గ్రెచ్చోలో పరచిన ఆ గడ్డిపాన్పు ఎనిమిది శతాబ్దాలుగా చెబుతూనే ఉన్నది.